చిన్న జంతువుల పెట్ స్కానర్లలో డిటెక్టర్ స్పందన నమూనా

చిట్టెలుక, ఎలుక వంటి ప్రయోగ జంతువుల శరీరంలో రేడియోధార్మిక ఔషధం ఎక్కడ, ఎంత చేరిందో కోత లేకుండా బయటి నుంచే చూపించే యంత్రం చిన్న జంతువుల పెట్ (పాజిట్రాన్ ఎమిషన్ టోమోగ్రఫీ) స్కానర్. జంతువు నుంచి వెలువడిన గామా ఫోటాన్ డిటెక్టర్‌లో నిజంగా తాకిన చోటు ఒకటి, తాకినట్టు యంత్రం నమోదు చేసే చోటు ఒకటి. ఈ రెంటి మధ్య తేడా ఏ దిశలో, ఎంత మేరకు, ఎంత సంభావ్యతతో వస్తుందో ముందే లెక్కగట్టి, చిత్రాన్ని కూర్చే గణితంలో భాగం చేయడమే డిటెక్టర్ స్పందన నమూనా. యంత్రం చేసే పొరపాటు తీరు తెలిస్తే ఆ పొరపాటును చాలావరకు వెనక్కి తిప్పవచ్చు. అయితే ఎంత వరకు తిప్పవచ్చన్న దానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దును 1945లో ప్రకటించినవారు విశాఖపట్నంలోని ఆంధ్రా విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు.

పెట్ చిత్రం ఏర్పడే విధానం

ఫ్లోరిన్-18, కార్బన్-11, గాలియం-68 వంటి ఐసోటోపులు క్షయమవుతూ పాజిట్రాన్లను వెలువరిస్తాయి. పాజిట్రాన్ కణజాలంలో కొద్ది దూరం పోయి వేగం కోల్పోతుంది, ఎలక్ట్రాన్‌తో కలిసి రెండూ అంతరిస్తాయి. అప్పుడు ఒక్కొక్కటి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల రెండు గామా ఫోటాన్లు దాదాపు ఎదురెదురు దిశల్లో బయలుదేరుతాయి. జంతువు చుట్టూ వలయంగా అమర్చిన డిటెక్టర్లలో ఏ రెండైనా దాదాపు ఒకే క్షణంలో ఫోటాన్లను పట్టుకుంటే, ఆ రెంటినీ కలిపే గీత మీద ఎక్కడో క్షయం జరిగిందని యంత్రం నమోదు చేస్తుంది. ఈ గీతను స్పందన రేఖ అంటారు. ఇటువంటి లక్షలాది రేఖల నుంచి మందు వ్యాప్తిని వెనక్కి లెక్కించడాన్ని చిత్ర పునర్నిర్మాణం అంటారు.

డిటెక్టర్‌లో ముఖ్య భాగం సింటిలేటర్ స్ఫటికం. గామా ఫోటాన్ దానిలో శక్తిని వదిలినప్పుడు క్షణకాలం కాంతి పుడుతుంది. ఫోటోమల్టిప్లయర్ గొట్టమో, సిలికాన్ సెన్సరో ఆ కాంతిని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. తొలి తరాల యంత్రాలలో సోడియం అయొడైడ్, ఆ తరువాత బిస్మత్ జెర్మనేట్ వాడారు. చార్లెస్ మెల్చర్ బృందం 1990ల ఆరంభంలో వెలుగులోకి తెచ్చిన లుటీషియం ఆర్థోసిలికేట్ ఘన సెంటీమీటరుకు 7.4 గ్రాముల సాంద్రత గలది. దాని కాంతి దాదాపు 40 నానోసెకన్లలో తగ్గిపోతుంది. బిస్మత్ జెర్మనేట్‌కు ఇదే కాలం దాదాపు 300 నానోసెకన్లు. చిన్న జంతువుల స్కానర్లు ఎదగడానికి ఈ స్ఫటికం పెద్ద ఊతమిచ్చింది.

చిన్న శరీరం, పెద్ద సమస్య

మనిషి బరువు 70 కిలోలు, చిట్టెలుక బరువు 25 గ్రాములు అనుకుంటే తేడా 2,800 రెట్లు. పొడవులో చూస్తే ఇది సుమారు 14 రెట్లు. మనిషి శరీరంలో 5 మిల్లీమీటర్ల వివరాన్ని చూపే యంత్రంతో సమానమైన వివరం చిట్టెలుకలో కనిపించాలంటే దాదాపు 0.35 మిల్లీమీటర్ల స్పష్టత కావాలి. ఘనపరిమాణాన్ని బట్టి చూసినా ఒక్కొక్క చిత్రకణంలో పడే క్షయాల సంఖ్య అదే 2,800 రెట్లు తగ్గుతుంది. దాన్ని భర్తీ చేయడానికి మందు మోతాదును ఇష్టం వచ్చినట్టు పెంచే వీలు లేదు. పెంచితే రేడియేషనే జంతువు శరీరక్రియలను మార్చవచ్చు, డిటెక్టర్లూ ఉక్కిరిబిక్కిరి అవుతాయి. అందుకే చిన్న జంతువుల పెట్‌లో ఎక్కువ స్పష్టత, ఎక్కువ సున్నితత్వం ఒకేసారి కావాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు వస్తాయి. స్ఫటికాన్ని పొడవుగా చేస్తే ఎక్కువ ఫోటాన్లు పట్టుబడతాయి గాని స్థానం తప్పుతుంది. పొట్టిగా చేస్తే స్థానం కుదురుతుంది గాని ఫోటాన్లు జారిపోతాయి. డిటెక్టర్ స్పందన నమూనా అవసరం ఈ చిక్కులోంచే పుట్టింది.

మసకకు కారణాలు

పాజిట్రాన్ ప్రయాణం: క్షయం జరిగిన చోటు, ఫోటాన్లు పుట్టిన చోటు ఒకటి కావు. ఫ్లోరిన్-18 పాజిట్రాన్ గరిష్ఠ శక్తి 634 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. నీటిలో అది సగటున సుమారు 0.6 మిల్లీమీటర్లు పోతుంది. గాలియం-68 పాజిట్రాన్ గరిష్ఠ శక్తి దాదాపు 1.9 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు కాబట్టి అది సగటున మూడు మిల్లీమీటర్ల దాకా పోతుంది. ఊపిరితిత్తుల్లో ఈ దూరం ఇంకా పెరుగుతుంది, ఎముకలో తగ్గుతుంది.

ఫోటాన్ల కోణ విచలనం: రెండు ఫోటాన్లు కచ్చితంగా 180 డిగ్రీలలో పోవు, సుమారు అర డిగ్రీ మేర అటూ ఇటూ అవుతాయి. దీనివల్ల వచ్చే మసక వలయ వ్యాసాన్ని 0.0022తో గుణిస్తే వస్తుంది. 800 మిల్లీమీటర్ల మానవ స్కానర్‌లో ఇది దాదాపు 1.8 మిల్లీమీటర్లు, 172 మిల్లీమీటర్ల చిన్న వలయంలో 0.4 కన్నా తక్కువ. చిన్న యంత్రానికి ప్రకృతి ఇచ్చిన వెసులుబాటు ఇది.

స్ఫటికం వెడల్పు: వలయ కేంద్రంలో జ్యామితి పరమైన మసక స్ఫటికం వెడల్పులో సగం ఉంటుంది. 2 మిల్లీమీటర్ల స్ఫటికానికి ఇది 1 మిల్లీమీటరు.

పారలాక్స్ దోషం: 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ లుటీషియం ఆర్థోసిలికేట్‌లో సగటున 12 మిల్లీమీటర్ల దూరం పోతే గాని పరస్పర చర్య జరగదు. 172 మిల్లీమీటర్ల వ్యాసమున్న వలయంలో కేంద్రానికి 40 మిల్లీమీటర్ల దూరాన ఉన్న బిందువు నుంచి వచ్చే ఫోటాన్ స్ఫటిక వరుసను 28 డిగ్రీల వాలులో తాకవచ్చు. 10 మిల్లీమీటర్ల లోతు దాటేసరికి అది పక్కకు 5 మిల్లీమీటర్లకు పైగా జరుగుతుంది. అంటే 2 మిల్లీమీటర్ల స్ఫటికాలు రెండు దాటి మూడోదానిలో పట్టుబడవచ్చు. ఎంత లోతున పట్టుబడిందో యంత్రానికి తెలియదు కాబట్టి స్పందన రేఖను తప్పు చోట గీస్తుంది. వలయం చిన్నదయ్యే కొద్దీ ఈ దోషం పెరుగుతుంది. కోణ విచలనంలో చిన్న వలయం సంపాదించిన లాభాన్ని ఇది తిరిగి లాక్కుంటుంది.

స్ఫటికాల మధ్య చెదరడం: లుటీషియం ఆర్థోసిలికేట్‌లో తొలి పరస్పర చర్యల్లో మూడింట ఒక వంతులో మాత్రమే ఫోటాన్ మొత్తం శక్తిని ఒకే చోట వదులుతుంది. మిగతావాటిలో అధికభాగం కాంప్టన్ ప్రకీర్ణనం ద్వారా కొంత శక్తిని ఒక స్ఫటికంలో, మిగతాది పక్క స్ఫటికంలో వదలవచ్చు. యంత్రం శక్తి ఎక్కువ పడ్డ స్ఫటికాన్నో, రెంటి మధ్య చోటునో ఎంచుకుంటుంది.

కాంతిని చదవడంలో తప్పు: అనేక స్ఫటికాల కాంతిని కొద్ది సెన్సర్లు పంచుకుని చదివినప్పుడు ఏ స్ఫటికం వెలిగిందో నిర్ణయించడంలోనూ తేడాలు వస్తాయి. స్ఫటికాల గడి అంచుల్లో ఇవి ఎక్కువ.

చరిత్ర

1982లో లారెన్స్ షెప్, యెహుదా వార్డి పెట్ పునర్నిర్మాణాన్ని సంఖ్యాకశాస్త్ర సమస్యగా మలిచారు. నమోదైన లెక్కలు పాయిజాన్ పంపిణీని అనుసరిస్తాయి కాబట్టి, ఆ లెక్కలు రావడానికి గరిష్ఠ సంభావ్యత ఇచ్చే చిత్రమే సరైన అంచనా అన్నది వారి ప్రతిపాదన. 1984లో కెన్నెత్ లాంగ్, రిచర్డ్ కార్సన్ దీన్ని విస్తరించారు. 1994లో హడ్సన్, లార్కిన్ కొలతలను చిన్న ఉపసమితులుగా విడగొట్టి లెక్కను అనేక రెట్లు వేగవంతం చేశారు. ఆ తరువాతే ఈ విధానం రోజువారీ వాడకానికి వచ్చింది.

యంత్రాల వైపు, 1990ల నడుమ లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రిలో ఎలుకల కోసం, కెనడాలోని షెర్‌బ్రూక్‌లో చిన్న జంతువుల కోసం ప్రత్యేక స్కానర్లు తయారయ్యాయి. 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్‌లో సైమన్ చెరీ బృందం మైక్రోపెట్‌ను ప్రకటించింది. అందులో 30 డిటెక్టర్ విభాగాలు, ఒక్కొక్కదానిలో 2×2×10 మిల్లీమీటర్ల లుటీషియం ఆర్థోసిలికేట్ స్ఫటికాలు 64 ఉండేవి. మొత్తం 1,920 స్ఫటికాలు 172 మిల్లీమీటర్ల వలయంగా కూర్చి ఉండేవి. 1998లో జిన్యీ చీ, రిచర్డ్ లీహీ, చెరీ, వారి సహచరులు ఈ యంత్రానికే డిటెక్టర్ స్పందనను చేర్చిన త్రిమితీయ బేయేసియన్ పునర్నిర్మాణాన్ని ప్రచురించారు. తరువాతి పరిశోధనలో అధికభాగం ఈ వ్యాసం వేసిన బాటలోనే నడిచింది.

వ్యవస్థ మాత్రిక

శరీరంలోని ఒక్కొక్క చిత్రకణంలో, అంటే వోక్సెల్‌లో, పుట్టిన క్షయం ఒక్కొక్క స్పందన రేఖలో నమోదయ్యే సంభావ్యతల పట్టికే వ్యవస్థ మాత్రిక. మైక్రోపెట్‌లోని 1,920 స్ఫటికాలను జతలుగా తీసుకుంటే 18 లక్షలకు పైగా జతలు వస్తాయి. చిత్రంలో 10 లక్షల వోక్సెళ్లుంటే మాత్రికలో గళ్ల సంఖ్య 1.8 లక్షల కోట్లు దాటుతుంది. ఇంత పట్టికను నేరుగా కొలవడం గాని దాచడం గాని సాధ్యం కాదు.

చీ, లీహీల పరిష్కారం దీన్ని అయిదు కారకాల లబ్ధంగా విడగొట్టడం. మొదటిది పాజిట్రాన్ ప్రయాణం. రెండోది జ్యామితి, అంటే ఒక వోక్సెల్ నుంచి రెండు స్ఫటికాలు ఏర్పరిచే ఘనకోణం. మూడోది శరీరంలో ఫోటాన్ల శోషణ. నాలుగోది డిటెక్టర్ మసక. అయిదోది ప్రతి స్ఫటిక జత సున్నితత్వం. ఒక్కొక్క కారకంలో చాలా గళ్లు సున్నాలే. వలయానికున్న సౌష్ఠవం వల్ల ఒక భాగం లెక్కిస్తే మిగతాది దానంతటదే వస్తుంది. సాధారణ పునర్నిర్మాణంలో నాలుగో కారకం ఉండదు, ఫోటాన్ ఏ స్ఫటికం ముఖం వైపు వచ్చిందో అందులోనే పట్టుబడిందని అనుకుంటారు. డిటెక్టర్ స్పందన నమూనా ఆ నాలుగో స్థానాన్ని నింపుతుంది. తూకం రాయి అరిగిందని తెలిసిన వర్తకుడికి ఎంత అరిగిందో కూడా తెలిస్తే కొత్త రాయి లేకుండానే సరైన బరువు చెప్పగలడు. ఈ కారకం చేసే పనీ అదే.

మాత్రిక సిద్ధమయ్యాక లెక్క ఆవృత్తాలుగా సాగుతుంది. ఒక ఊహా చిత్రంతో మొదలుపెట్టి, మాత్రిక ప్రకారం యంత్రంలో ఏ లెక్కలు నమోదు కావాలో అంచనా కడతారు. నిజంగా నమోదైన లెక్కలకూ ఆ అంచనాకూ మధ్య నిష్పత్తిని అదే మాత్రిక గుండా వెనక్కి పంచి చిత్రాన్ని సవరిస్తారు. మసక మాత్రికలోనే ఉంది కాబట్టి చిత్రంలో దానికి చోటు తగ్గుతూ వస్తుంది.

నమూనాను తయారుచేసే పద్ధతులు

విశ్లేషణ పద్ధతి: స్ఫటికం కొలతలు, శోషణ గుణకం, ఫోటాన్ వచ్చే కోణం తెలిస్తే అది ఏ స్ఫటికంలో పట్టుబడే అవకాశం ఎంతో సూత్రాలతో లెక్కగట్టవచ్చు. వేగంగా అయిపోతుంది, గణన లోపాలు తక్కువ. కాని స్ఫటికాల మధ్య చెదరడాన్ని, కాంతి చదివే లోపాలను పూర్తిగా పట్టుకోలేదు.

మాంటే కార్లో అనుకరణ: ఒక్కొక్క ఫోటాన్ ప్రయాణాన్ని యాదృచ్ఛిక సంఖ్యలతో కంప్యూటర్‌లో నడిపిస్తారు. అణుభౌతికశాస్త్రంలో పేరున్న జియాంట్4 మీద ఆధారపడి 2004లో వెలువడిన గేట్ దీనికి బాగా వాడే సాఫ్ట్‌వేర్. అదే ఏడాది మగ్దలేనా రఫేకాస్ బృందం మాడ్‌పెట్-2 చిన్న జంతువుల స్కానర్‌కు పూర్తి మాత్రికను ఇలా లెక్కించింది. భౌతికశాస్త్రం చాలావరకు ఇందులో ఇముడుతుంది. అయితే అనుకరణలో నడిపిన ఫోటాన్లు చాలకపోతే మాత్రికలోనే గణాంక లోపం చేరి చిత్రంలోకి దిగుతుంది. అనుకరణ ఆదర్శ యంత్రాన్ని వర్ణిస్తుంది గాని, బిగించేటప్పుడు కొద్దిగా ఒరిగిన స్ఫటికాన్ని ఎరుగదు.

కొలత పద్ధతి: సోడియం-22 వంటి దీర్ఘాయువు గల ఐసోటోపుతో చేసిన సన్నని బిందు మూలాన్ని స్కానర్‌లో ఒక్కొక్క చోట ఉంచి స్పందనను నేరుగా కొలుస్తారు. సోడియం-22 అర్ధాయుష్షు 2.6 ఏళ్లు కాబట్టి కొలతలు తొందరపడనక్కర లేదు. 2006లో వ్లాదిమిర్ పానిన్ బృందం ఈ పద్ధతిని మానవ స్కానర్‌కు అన్వయించింది. 2009లో తోమే, చీ బిందు మూలం కొలతల నుంచి డిటెక్టర్ స్పందనను అంచనా వేసే విధానం ప్రచురించారు. అసలు యంత్రం లోపాలన్నీ ఇందులో ఉంటాయి. ఆచరణలో కొన్ని చోట్ల కొలిచి, మధ్య చోట్లకు సూత్రంతో పూరించే మిశ్రమ పద్ధతి ఎక్కువ.

చిత్ర స్థలంలో నమూనా: 2003లో ఆండ్రూ రీడర్, సహచరులు మసకను కొలత వైపు కాకుండా చిత్రం వైపే ఒక వడపోతగా చేర్చవచ్చని చూపారు. లెక్క తేలిక. కాని ఒక రేఖ తీరు పక్క రేఖ తీరుకు భిన్నమయ్యే పారలాక్స్ వంటి దోషాలను ఇది సగటుగానే పట్టుకుంటుంది.

ప్రయోజనాలు, దుష్ఫలితాలు

ఈ నమూనా చేర్చినప్పుడు దృశ్య క్షేత్రం అంచుల్లో కూడా కేంద్రానికి దగ్గరి స్పష్టత వస్తుంది. చిన్న కణితి, మెదడులోని స్ట్రయేటమ్ వంటి నిర్మాణాలలో మందు పాళ్లు అసలుకు దగ్గరగా తేలుతాయి. కొత్త ఔషధం ఎంత పనిచేస్తోందో అంకెలతో చెప్పాలంటే ఇది ముఖ్యం.

దుష్ఫలితాలలో ప్రధానమైనది అంచుల దగ్గర కనిపించే ఉబ్బు. యంత్రం బాగా సూక్ష్మమైన వివరాలను పూర్తిగా పోగొట్టి ఉంటే వాటిని ఏ మాత్రికా తిరిగి తేలేదు. మిగిలిన వివరాలతో పదునైన అంచును కట్టబోతే దాని పక్కన లేని వెలుగు కనిపిస్తుంది. డోనాల్డ్ స్నైడర్ బృందం 1987లోనే దీన్ని వర్ణించింది. చిన్న కణితిలో రెండు అంచుల ఉబ్బు ఒకదానిపై ఒకటి పడి మందు పాళ్లు అసలుకన్నా ఎక్కువగా కనిపించవచ్చు. అసలు మసకకన్నా ఎక్కువ వెడల్పున్న నమూనా వాడితే ఈ దోషం ముదురుతుంది. అందువల్ల కొందరు కావాలనే కొంచెం తక్కువ వెడల్పు వాడతారు.

నాయిస్ కూడా రూపం మారుతుంది. ఒక్కొక్క వోక్సెల్‌లో ఒడుదొడుకు తగ్గినా పక్క వోక్సెళ్లతో దాని ముడి బిగుస్తుంది. చిత్రం నున్నగా కనిపించినంత మాత్రాన అందులోని సమాచారం పెరిగిందని అనుకోకూడదు.

రావు హద్దు

లోపం తెలిస్తే సరిదిద్దవచ్చన్న మాటకు పరిమితి ఇక్కడ వస్తుంది. కల్యంపూడి రాధాకృష్ణ రావు 1920 సెప్టెంబరు 10న నేటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. విశాఖపట్నంలో ఆంధ్రా విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1943లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి సంఖ్యాకశాస్త్రంలో పట్టా పొందారు. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో ప్రచురించిన వ్యాసంలో, కొలతల నుంచి ఒక రాశిని పక్షపాతం లేకుండా అంచనా వేసే ఏ పద్ధతికైనా విస్తృతి ఒక కనిష్ఠ హద్దుకన్నా తగ్గదని నిరూపించారు. ఆ హద్దు, కొలతలు ఆ రాశి గురించి ఎంత చెబుతాయో కొలిచే ఫిషర్ సమాచారానికి విలోమం. స్వీడన్ గణితజ్ఞుడు హరాల్డ్ క్రామెర్ విడిగా ఇదే ఫలితాన్ని 1946లో ప్రచురించడంతో దీనికి క్రామెర్–రావు హద్దు అని పేరు వచ్చింది. రావుకు 2023లో అంతర్జాతీయ సంఖ్యాకశాస్త్ర బహుమతి దక్కింది. అదే ఏడాది ఆగస్టు 22న ఆయన కన్నుమూశారు.

పెట్ డిటెక్టర్‌లో ఈ హద్దు పనిని ఒక సరళ ఉదాహరణతో చూడవచ్చు. స్ఫటికంలో పుట్టిన కాంతి సెన్సర్ మీద 4 మిల్లీమీటర్ల ప్రామాణిక విచలనంతో గంట ఆకారంలో పరుచుకుందని, అందులో 400 కాంతి కణాలు నమోదయ్యాయని అనుకుందాం. స్థానం అంచనాలో లోపం 4ను 400 వర్గమూలంతో భాగిస్తే వచ్చే 0.2 మిల్లీమీటర్లకన్నా తగ్గదు. ఎంత తెలివైన అల్గారిథం రాసినా ఇంతే. హద్దును తగ్గించాలంటే కాంతిని పెంచాలి, లేదా దాని పరపు సన్నబడాలి. డిటెక్టర్‌ను తయారు చేయకముందే ఏ రూపకల్పన మేలో తేల్చడానికి ఇంజనీర్లు ఈ లెక్కనే వాడతారు. సింటిలేటర్ కాలస్పష్టతకు కనిష్ఠ హద్దును స్టెఫాన్ సైఫర్ట్, డెన్నిస్ షార్ట్ బృందం 2012లో ఇదే దారిలో లెక్కించింది.

పూర్తి చిత్రం విషయంలో పరిస్థితి కొంత వేరు. లక్షల వోక్సెళ్లను పక్షపాతం లేకుండా విడదీయబోతే హద్దు విపరీతంగా పెరిగి పనికిరాకుండా పోతుంది. అందుకే కొంత మసకను ఒప్పుకుని నాయిస్‌ను తగ్గించుకుంటారు. ఆల్ఫ్రెడ్ హీరో, జెఫ్రీ ఫెస్లర్, మొహమ్మద్ ఉస్మాన్ 1996లో పక్షపాతానికీ విస్తృతికీ మధ్య ఈ బేరాన్ని కొలిచే ఏకరీతి క్రామెర్–రావు హద్దును రూపొందించి చిత్ర పునర్నిర్మాణానికి అన్వయించారు. డిటెక్టర్ స్పందన నమూనా విలువ ఈ కొలమానంలో స్పష్టమవుతుంది. అది హద్దును దాటించదు, ఆ హద్దుకు దగ్గరగా చేరుస్తుంది.

పరీక్షా ప్రమాణాలు

చిన్న జంతువుల పెట్ స్కానర్లను పోల్చడానికి అమెరికాలోని నెమా సంస్థ 2008లో ఎన్‌యు 4 ప్రమాణాన్ని విడుదల చేసింది. స్పష్టత పరీక్షకు 10 మిల్లీమీటర్ల యాక్రిలిక్ ఘనంలో పొదిగిన 0.3 మిల్లీమీటర్లకు మించని సోడియం-22 బిందువును వాడతారు. చిత్రాన్ని మాత్రం పాతకాలపు వడపోత ప్రక్షేపణ పద్ధతిలోనే కూర్చాలి. యంత్రం సహజ సామర్థ్యం తెలియాలన్నది ఉద్దేశం. స్పందన నమూనాతో ఒంటరి బిందువును ఎన్ని ఆవృత్తాలు తిప్పితే అంత సన్నగా చూపవచ్చు కాబట్టి ఆ అంకెకు అర్థం ఉండదు. నమూనా మేలు తెలిసేది 1 నుంచి 5 మిల్లీమీటర్ల కడ్డీలున్న చిత్ర నాణ్యత పరీక్షలో. ఏ కడ్డీలో ఎంత శాతం తిరిగి వచ్చింది, దానికి ఎంత నాయిస్ ఖర్చయిందన్నది పక్కపక్కన చూస్తారు.

విశాఖపట్నంలో సంబంధిత శాస్త్ర రంగాలు

ఆంధ్రా విశ్వవిద్యాలయంలో అణుభౌతికశాస్త్ర విభాగాన్ని నిర్మించినవారు స్వామి జ్ఞానానంద. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో 1896లో పుట్టిన ఆయన ప్రేగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో, లివర్‌పూల్‌లో జేమ్స్ చాడ్విక్ వద్ద పరిశోధన చేసి బీటా కిరణాల వర్ణపటశాస్త్రంలో కృషి చేశారు. విశ్వవిద్యాలయంలోని అణు పరిశోధనాగారాలు ఆయన పేరుతో ఉన్నాయి. పాజిట్రాన్ ఏ శక్తితో బయటికి వస్తుందో చెప్పేది బీటా వర్ణపటమే. వ్యవస్థ మాత్రికలోని మొదటి కారకం దాని మీదే ఆధారపడుతుంది.

విశాఖ ఉక్కు కర్మాగారానికి చేరువలో అగనంపూడి వద్ద టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ఉంది. అదే సంస్థకు చెందిన నవీ ముంబై పరిశోధన కేంద్రం ఆక్‌ట్రెక్‌లో చిన్న జంతువుల ఇమేజింగ్ సౌకర్యం ఉంది. పరవాడ ఫార్మా సిటీలో మందుల పరిశ్రమ, మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాల తయారీ ఈ ప్రాంతానికి ఇటువంటి ఇమేజింగ్‌తో పని కల్పించగల రంగాలు.

ఐసోటోపు ఎంపికలో దూరం కూడా ఒక అంశం. ఫ్లోరిన్-18 సైక్లోట్రాన్‌లో తయారవుతుంది, అర్ధాయుష్షు 110 నిమిషాలు. హైదరాబాదు నుంచి రోడ్డు మార్గాన 11 గంటల్లో విశాఖ చేరిందనుకుంటే ఆరు అర్ధాయుష్షులు గడిచి 64వ వంతు మిగులుతుంది. సైక్లోట్రాన్ అందుబాటులో లేని చోట గాలియం-68 మేలు. దాని మాతృక జెర్మేనియం-68 అర్ధాయుష్షు 271 రోజులు కాబట్టి ఒక చిన్న జనరేటర్‌ను ప్రయోగశాలలోనే పెట్టుకుని నెలల తరబడి వాడవచ్చు. కాని గాలియం-68 పాజిట్రాన్ ఎక్కువ దూరం పోతుంది. చిట్టెలుక చిత్రంలో దాని మసక డిటెక్టర్ మసకను కూడా మించిపోతుంది. అక్కడ పాజిట్రాన్ ప్రయాణాన్ని కణజాలం వారీగా మాత్రికలో చేర్చకుండా డిటెక్టర్ ఒక్కదాన్ని ఎంత సూక్ష్మంగా నమూనా కట్టినా ఫలితం కొద్దిగానే ఉంటుంది.

ఇటీవలి ధోరణులు

పారలాక్స్‌ను గణితానికే వదిలేయకుండా ఫోటాన్ పట్టుబడ్డ లోతును డిటెక్టరే చెప్పేలా చేయడం ఒక మార్గం. స్ఫటికానికి రెండు కొసల్లో సెన్సర్లు అమర్చి కాంతి నిష్పత్తిని చూడడం, వేర్వేరు స్ఫటికాలను పొరలుగా పేర్చడం ఇందులోని పద్ధతులు. ముక్కలు చేయని ఏకశిలా స్ఫటికంలో కాంతి పరపును బట్టి మూడు దిశల స్థానాన్నీ అంచనా వేయడం మరొకటి. ఈ అంచనాకు నాడీజాల అల్గారిథాలను విరివిగా వాడుతున్నారు. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం బిస్మత్ జెర్మనేట్, గాడోలినియం గాలియం అల్యూమినియం గార్నెట్ స్ఫటికాలను దేశంలోనే పెంచింది. స్ఫటికం మారితే దానితోపాటు శోషణ, కాంతి, చెదరడం అన్నీ మారతాయి. కాబట్టి కొత్త స్ఫటికంతో కట్టిన ప్రతి యంత్రానికి స్పందన నమూనాను మళ్లీ మొదటి నుంచి తయారుచేయాలి. పాత యంత్రం మాత్రికను కొత్తదానికి తొడిగితే అది మసకను సరిగా తీయకపోగా, అంచుల్లో లేని ఉబ్బును చిత్రంలోకి తేవచ్చు.